కాలికి కట్టు, ఇంకా ఆరు వారాలు: ఏ సిరీస్ పెట్టుకోవాలి?

ప్రశ్న: మెట్ల మీద జారి చీలమండ విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. మొత్తం ఎనిమిది వారాలు కాలు నేల మీద మోపొద్దన్నారు, ఇంకా ఆరు మిగిలాయి. ఇన్నాళ్లూ ఉద్యోగం, ఇల్లు, పిల్లాడి చదువుతోనే సరిపోయేది, టీవీ ముందు కూర్చునే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు స్నేహితులంతా కలిసి నలభై సిరీస్‌ల జాబితా పంపారు. ఏది పెట్టినా రెండో ఎపిసోడ్ దాటట్లేదు. ఒక్కటి మాత్రం, వరస హత్యల కథ, తెల్లవారుజామున నాలుగున్నర దాకా ఏకబిగిన చూసేశాను. మర్నాడంతా తల దిమ్ముగా, మనసు చేదుగా ఉంది. మధ్యాహ్నాలు అత్తయ్య నా గదిలోనే కూర్చుంటారు. ఆవిడ సబ్‌టైటిల్స్ చదవలేరు, కొన్ని ఆవిడ ముందు చూడలేను కూడా. సాయంత్రం తొమ్మిదేళ్ల మా బాబు పక్కన చేరతాడు. రాత్రి నొప్పికి నిద్ర పట్టదు. వీటికి తోడు, విలువైన కాలాన్ని పాడు చేసుకుంటున్నానేమో అన్న గుబులు. ఏం చూడమంటారు?

సమాధానం: మీ ఉత్తరం చదువుతుంటే నాలుగేళ్ల కిందటి నా మంచం కళ్లముందుకొచ్చింది. నడుములో డిస్కు జారి 40 రోజులు వెల్లకిలా పడుకున్నాను. ఫ్యాను ఏ రెక్క మీద దుమ్ము ఎక్కువుందో చూడకుండా చెప్పగలిగేదాన్ని. మొదటి వారం ఇంటికి వచ్చి పలకరించినవాళ్లు రెండో వారం ఫోన్ చేశారు, మూడో వారం మెసేజ్ పెట్టారు. వాళ్ల తప్పేమీ లేదు, ఎవరి పనులు వాళ్లవి. మంచాన పడ్డవాళ్లకి అన్నిటికంటే ముందు కరువయ్యేది మనుషులని నాకు అప్పుడు తెలిసింది. ఆ కరువు తీర్చిన సిరీస్‌లే నా దగ్గర నిలబడ్డాయి. తీర్చనివి ఎంత గొప్పవైనా రెండో ఎపిసోడ్ దగ్గరే ఆగిపోయాయి, అచ్చం మీకు ఆగిపోయినట్టే. అందుకే ఏ సిరీస్ పెట్టేముందైనా కథేమిటి, రేటింగ్ ఎంత అని చూడకండి. ఈ మనుషులు రోజూ నా గదిలోకి వచ్చి గంటసేపు కూర్చుంటే నాకు బాగుంటుందా అని అడగండి. కింద నేను చెప్పేవన్నీ ఆ ఒక్క లెక్కతో ఏరినవే.

మీ స్నేహితుల జాబితా చెడ్డదని అనను. కానీ అది పగలంతా నలుగురి మధ్య తిరిగి, ఇంటికొచ్చి, ఓ గంట ఒళ్లు మరిచిపోదామనుకునేవాళ్లు రాసింది. వాళ్లకి ఉత్కంఠ కావాలి. మీకు ఉత్కంఠకి కొదవ లేదు, ఒంట్లో నొప్పి ఆ పని చేస్తూనే ఉంది. వాళ్ల జాబితాలో 'బ్రేకింగ్ బ్యాడ్' ఉండే ఉంటుంది. 2008 నుంచి 2013 దాకా వచ్చింది, 62 ఎపిసోడ్‌లు, టీవీ కోసం అంత పకడ్బందీగా రాసిన కథలు అరుదు. నేను రెండుసార్లు చూశాను. కానీ అది మొదలయ్యేదే ఒక కెమిస్ట్రీ మాస్టారికి ఊపిరితిత్తుల క్యాన్సరని తెలియడంతో. అక్కణ్ణుంచి ఆయన కొద్దికొద్దిగా పాడైపోవడాన్ని పక్కన కూర్చుని చూడాలి. ఆస్పత్రి వాసన ఇంకా ముక్కు వదలని మనిషికి ఆ సహవాసం ఇప్పుడే వద్దు. కట్టు విప్పాక చూడండి, అప్పుడు దాని పనితనం నిండుగా ఆస్వాదించగలుగుతారు. 'డార్క్' కూడా పక్కన పెట్టండి. జర్మన్ సిరీస్, 3 సీజన్లు, 26 ఎపిసోడ్‌లు. విండెన్ అనే ఊళ్లో నాలుగు కుటుంబాలు, 33 ఏళ్ల ఎడంతో ముందుకీ వెనక్కీ నడిచే కాలం. ఎవరు ఎవరి బిడ్డో కాగితం మీద గీసుకుంటూ చూడాల్సిన కథ. నొప్పి మాత్రల మగతలో దాన్ని వదిలేశారంటే అందులో మీ తెలివికి వచ్చిన లోటేమీ లేదు.

ఇక ఆ నాలుగున్నర రాత్రి సంగతి. దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఎపిసోడ్ చివర పీటముడి వేసి వదిలేయడం టీవీవాళ్లకి పాత విద్యే. 1980 మార్చిలో 'డల్లస్' అనే అమెరికన్ సీరియల్ జె.ఆర్. అనే దుర్మార్గుణ్ణి ఎవరో కాల్చినట్టు చూపించి సీజన్ ముగించింది. కాల్చిందెవరో నవంబరులో గానీ చెప్పలేదు. ఆ ఎనిమిది నెలలూ జనం దాని గురించి వాదించుకున్నారు, పందేలు కట్టారు, తమ పనులూ చేసుకున్నారు. ముడి వేయడానికీ విప్పడానికీ మధ్య కనీసం వారం ఉండేది. 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ 'హౌస్ ఆఫ్ కార్డ్స్' మొదటి సీజన్ 13 ఎపిసోడ్‌లనూ ఒకేసారి బయటపెట్టింది. ఆ వారం అక్కడితో పోయింది. ఇప్పుడు ముడి పడ్డ కొన్ని సెకన్లకే తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలైపోతుంది. చెయ్యి రిమోట్ దాకా వెళ్లేలోపు మీరు మళ్లీ కథలో ఉంటారు. ఈ ఏకబిగి చూపు ఎంతగా పాకిందంటే, కాలిన్స్ ఇంగ్లీషు నిఘంటువు 2015 సంవత్సరపు మాటగా 'బింజ్ వాచ్'నే ఎంచుకుంది.

నాకు పనిచేసిన ఉపాయం చెబుతాను. ఎపిసోడ్ చివర ఎప్పుడూ ఆపకండి, మధ్యలో ఆపండి. ముడి చివరి రెండు మూడు నిమిషాల్లో పడుతుంది. తర్వాతి ఎపిసోడ్ మొదలై పది పదిహేను నిమిషాలయ్యేసరికి అది విడిపోతుంది. కొత్త ముడి ఇంకా పడదు. పాత్రలు కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటాయి. అక్కడ కట్టేస్తే మనసు లాగదు, హాయిగా నిద్ర పడుతుంది. చివరిదాకా చూసి ఆపుతాననుకున్న రాత్రులన్నీ నాకు రెండు దాటాయి. సగంలో ఆపడం నేర్చుకున్నాక పదకొండున్నర దాటలేదు. దీంతోపాటు నెట్‌ఫ్లిక్స్ ప్రొఫైల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి తర్వాతి ఎపిసోడ్ ఆటోప్లే అన్నచోట టిక్ తీసేయండి. బాబుకి చెప్పినా చేసిపెడతాడు. తర్వాతి ఎపిసోడ్ మీరు నొక్కితేనే రావాలి.

రాత్రికి ఏం చూడాలన్నదే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నొప్పి పగటికంటే రాత్రే పెద్దదవుతుంది, ఇల్లంతా నిద్రపోతుంటే మనం ఒక్కళ్లమే మేలుకుని ఉంటాం. ఆ వేళకి జపాన్‌వాళ్ల 'మిడ్‌నైట్ డైనర్'ని మించింది నాకు దొరకలేదు. టోక్యోలో షింజుకు ప్రాంతంలో ఓ ఇరుకు సందు, అందులో చిన్న హోటల్. అర్ధరాత్రి 12కి తలుపు తీస్తారు, ఉదయం 7కి మూసేస్తారు. నడిపేది ఒకే ఒక్క మనిషి, కంటి మీదుగా పాత గాటు, మాట తక్కువ. గోడ మీద రాసి ఉన్న వంటకం ఒక్కటే. కానీ ఎవరేం అడిగినా, సామాను ఉంటే చేసిపెడతాడు. అంతే సిరీస్. ఒక్కో ఎపిసోడ్ సుమారు 25 నిమిషాలు, ఏ రాత్రి కథ ఆ రాత్రే అయిపోతుంది, రేపటికి ముడి ఉండదు.

2009లో వచ్చిన మొదటి ఎపిసోడ్ నాకు కంఠతా వచ్చు. నల్ల కళ్లద్దాల రౌడీ ఒకడు వస్తాడు, అందరూ కాస్త ఒదిగి కూర్చుంటారు. వాడు ఎప్పుడూ అడిగేది చిన్నపిల్లల డబ్బాల్లో పెట్టే ఎర్ర సాసేజ్‌లు, ఆక్టోపస్ ఆకారంలో కోసి వేయించినవి. బల్లకి ఇంకో పక్క వయసు మళ్లిన ఒకాయన, గే బార్ నడుపుతాడు, ఆయనకి తీపి ఆమ్లెట్ కావాలి. ఒక రాత్రి నాకో ముక్క ఇస్తావా, నాది నువ్వు తీసుకో అని ఇద్దరూ ప్లేట్లు మార్చుకుంటారు. పగటిపూట ఆ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చునే అవకాశమే లేదు. నేను మంచం మీద కదల్లేకుండా ఉన్న రాత్రి ఆ సాసేజ్‌ల కాళ్లు నూనెలో విచ్చుకోవడం చూస్తూ ఏడ్చాను. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. బహుశా మెలకువగా ఉన్నది నేనొక్కదాన్నే కాదనిపించిందేమో. సబ్‌టైటిల్స్ చదవాలి, కానీ మాటలు తక్కువే, కళ్లకి అలుపు రాదు. ఆ తర్వాత 'టోక్యో స్టోరీస్' పేరుతో వచ్చిన సీజన్లూ ఉన్నాయి. రోజుకి ఒకటే చూడండి, రెండో దానికి వెళ్లొద్దు.

మధ్యాహ్నం అత్తయ్యగారితో చూసేవి తెలుగులోనే ఉండాలి. ఇక్కడ నాకు తడుముకునే పని లేదు. 'అమృతం' పెట్టండి. గుణ్ణం గంగరాజు గారు తీసినది, 2001 నుంచి 2007 దాకా వారం వారం వచ్చింది, 300 పైచిలుకు ఎపిసోడ్‌లు. హోటల్ నడపడం రాని అమృతరావు, వెంట ఆంజనేయులు, అద్దె కోసం వెంటపడే ఓనరు అప్పాజీ, హోటల్లో పనివాడు సర్వం. గుండు హనుమంతరావు గారు ఆంజనేయులుగా చేసిన తీరు చూడండి. తనకి ఏమీ జరగనట్టు మొహం పెట్టి పక్కవాణ్ణి ముంచేస్తాడు. అమృతరావు వేషం మాత్రం మధ్యలో ఒకరి నుంచి ఒకరికి మారింది, మొదట శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆపైన హర్షవర్ధన్. కంగారు పడకండి, రెండు ఎపిసోడ్‌లలో అలవాటైపోతుంది. ఏది ముందు చూసినా ఫర్వాలేదు. ఒక గమనిక: మీ అత్తయ్యగారు ఇది అప్పట్లోనే చూసి ఉండొచ్చు. అయితే ఇంకా మంచిది. మీకంటే ముందే జోకు చెప్పేసి నవ్వుతారు, మీరు ఆవిడ నవ్వుకి నవ్వుతారు. వరసపెట్టి మూడు చూసినా మనసు బరువెక్కదు.

మరీ పాతదనిపిస్తే 'నైంటీస్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్'. 2024లో వచ్చింది, ఆరే ఎపిసోడ్‌లు, శివాజీ లెక్కల మాస్టారుగా, ముగ్గురు పిల్లల తండ్రిగా చేశారు. ఆ ఇంట్లో పెద్ద సంఘటన అంటూ ఏదీ జరగదు. మార్కులు వస్తాయి, డబ్బు చాలదు, తండ్రి గట్టిగా ఉంటాడు, తల్లి మధ్యలో నలుగుతుంది. చిన్నవాడి దగ్గర అత్తయ్యగారు మీ ఆయన చిన్నతనం ఎత్తడం ఖాయం. అది ఎత్తితే సిరీస్ ఆపేసి ఆవిడ మాటే వినండి, ఎపిసోడ్ ఎక్కడికీ పోదు. ఆ తర్వాత 'సివరపల్లి' చూడొచ్చు. హిందీలో 2020లో వచ్చిన 'పంచాయత్'కి తెలుగు రూపం. చదువుకున్న కుర్రాడు ఇష్టం లేకుండా పల్లెటూరి పంచాయతీ ఆఫీసులో ఉద్యోగానికి వెళ్లడం, ఆ ఊరు మెల్లగా వాణ్ణి కలుపుకోవడం. మీకు హిందీ వస్తే మాత్రం విడిగా 'పంచాయత్' మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్‌లూ చూడండి. సెక్రటరీ ముచ్చటపడి కింద చక్రాలుండే ఆఫీసు కుర్చీ ఒకటి కొనుక్కుంటాడు. ఊళ్లో పెళ్లికొచ్చిన వరుడికి తన కుర్చీ కంటే అది గొప్పగా కనిపించి రభస మొదలవుతుంది. ఒక కుర్చీ మీద అరగంట కథ నడిపించారు, ఎక్కడా సాగదీసినట్టు ఉండదు.

బాబు వచ్చాక 'ప్లానెట్ ఎర్త్ 2' పెట్టండి. 2016లో బీబీసీ తీసింది, ఆరు భాగాలు. వ్యాఖ్యానం డేవిడ్ అటెన్‌బరో, అప్పటికి ఆయనకి 90 ఏళ్లు. మొదటి భాగం దీవుల గురించి. గాలపాగోస్‌లో ఇసుకలోంచి అప్పుడే బయటపడ్డ ఇగ్వానా పిల్ల, ఉడుంలా ఉండే పెద్ద బల్లి జాతిది, తల ఎత్తి చూస్తుంది. పక్కన రాళ్ల సందుల్లో పాములు, ఒకటి రెండు కాదు, గుంపులు. పిల్ల కదలకుండా నిలబడితే పాముకి కనపడదు, పరిగెత్తితే వెంటపడతాయి. ఒక పిల్లని పాములు చుట్టేస్తాయి కూడా, అయిపోయిందనుకుంటాం, చుట్టల మధ్యలోంచి జారి బండ మీదికి దూకుతుంది. ఈ ఘట్టం వచ్చినప్పుడు బాబు మీ కట్టు కాలి మీద పడకుండా మధ్యలో దిండు పెట్టుకోండి, నిజంగా చెబుతున్నాను. అత్తయ్యగారిని కూడా పిలవండి. ఆ ఘట్టానికి భాష అక్కర్లేదు, మిగతాచోట్ల బాబే ఆవిడకి చెబుతాడు. అయిపోతే సముద్రం గురించిన 'బ్లూ ప్లానెట్ 2' ఏడు భాగాలు ఉన్నాయి.

ఇక అత్తయ్యగారు గదిలో లేని ఉదయపు రెండు మూడు గంటలు. మాత్రల మగత తగ్గి బుర్ర తేటగా ఉండే వేళ అది. ఆ గంటలు మీవి. ఇక్కడ రెండే చెబుతాను, ఒకదాని తర్వాత ఒకటి.

మొదటిది కొరియన్‌వాళ్ల 'రిప్లై 1988'. 2015-16లో వచ్చింది, 20 ఎపిసోడ్‌లు, ఒక్కోటి గంటన్నర అటూఇటూ. రోజుకొకటి చొప్పున మీకు దాదాపు మూడు వారాలు. సోల్ నగరంలో సంగ్‌మున్‌దాంగ్ అనే చోట ఒక సందు, ఐదు కుటుంబాలు, కలిసి పెరిగిన ఐదుగురు పిల్లలు. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక సాయంత్రం ఒక ఇంటివాళ్లు పక్కింటికి గిన్నెతో కూర పంపిస్తారు. గిన్నె ఖాళీగా వెనక్కి పంపకూడదని వాళ్లు ఇంకేదో పెట్టి పంపిస్తారు. పిల్లలు ఆ సందులో గిన్నెలు పట్టుకుని అటూ ఇటూ పరిగెడుతూ ఒకరికొకరు ఎదురవుతూనే ఉంటారు. చివరికి ఒకడు విసిగి, ఇంతకంటే అందరం కలిసి తినొచ్చుగా అంటాడు. ఈ సిరీస్ ఎలాంటిదో ఆ ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది.

అదే ఎపిసోడ్‌లో నడిమి పిల్ల డాక్‌సన్ పుట్టినరోజు. అక్కది మూడు రోజుల ముందే కాబట్టి ఏటా ఒకే కేకు. అక్క కోసం వెలిగించిన కొవ్వొత్తుల్లోంచి కొన్ని తీసేసి, మిగిలినవి మళ్లీ వెలిగించి ఇదుగో నీది అంటారు. ఆ రోజు పిల్ల తట్టుకోలేక బద్దలైపోతుంది. గుడ్లు అక్కకీ తమ్ముడికీ వేసి నాకెందుకు వేయరు, వాళ్లకి అందమైన పేర్లు పెట్టి నాకెందుకు ఈ పేరు పెట్టారు అని వెక్కివెక్కి ఏడుస్తుంది. రాత్రి ఆ సందు మలుపులో తండ్రి విడిగా ఒక కేకు కొనుక్కుని వచ్చి కూర్చుంటాడు. నాన్నలు పుట్టుకతోనే నాన్నలు కారమ్మా, నాకూ ఇదే మొదటిసారి అన్న అర్థంలో తడబడుతూ క్షమాపణ అడుగుతాడు. నేను ఇంటికి నడిమి పిల్లని. ఆ సీను దగ్గర ఆపేసి మా నాన్నకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడామో గుర్తులేదు, పొద్దుపోయిందని మాత్రం గుర్తు.

మొదటి రెండు ఎపిసోడ్‌లు ఈ సిరీస్‌కి కష్టకాలం. పేర్లు గుర్తుండవు, పెద్దవాళ్లంతా గట్టిగా అరుస్తున్నట్టుంటారు. మీరు రెండో ఎపిసోడ్ దగ్గర వదిలేసే మనిషినని రాశారు కాబట్టి ఇది ముందే చెబుతున్నాను. మూడోదానికి ఆ సందు మీ సందైపోతుంది.

రెండోది 'ద వైర్', అది నాలుగో వారంలో మొదలుపెట్టండి. 2002 నుంచి 2008 దాకా, ఐదు సీజన్లు, 60 ఎపిసోడ్‌లు. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, బూతులూ హింసా ఉన్నాయి. మీ వరస హత్యల కథకీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ ఎవరు చేశారన్నది ప్రశ్న కాదు, ఎందుకిలా జరుగుతూనే ఉందన్నది ప్రశ్న. రాసిన డేవిడ్ సైమన్ ఒకప్పుడు అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఓ పత్రికకి నేరవార్తల విలేకరి. ఆయన జోడీ ఎడ్ బర్న్స్ అదే నగరంలో పోలీసు డిటెక్టివ్‌గా పనిచేసి తర్వాత బడిపంతులయ్యాడు. అందుకే ఒక సీజన్ మత్తుమందుల సందుల్లో, ఒకటి రేవులో, ఒకటి నగర రాజకీయాల్లో, ఒకటి బడిలో, ఒకటి పత్రిక ఆఫీసులో నడుస్తుంది. వచ్చిన రోజుల్లో పెద్దగా జనం చూడలేదు, అమెరికా టీవీకి పెద్ద అవార్డయిన ఎమ్మీ ఒక్కటి కూడా రాలేదు.

మూడో ఎపిసోడ్‌లో మత్తుమందు అమ్మే ఇద్దరు కుర్రాళ్లు చదరంగం బల్ల మీద ఇంకేదో ఆట ఆడుకుంటుంటారు. కాస్త పెద్దవాడైన డీఆంజెలో వచ్చి అసలు ఆట నేర్పుతాడు. రాజు ఇతను, ఎక్కువ కదలడు, అందరూ ఇతని కోసమే. ఏనుగు అంటే మన సరుకు దాచే ఇల్లు. ముందు నిలబడ్డవాళ్లు బంట్లు, వాళ్లు తొందరగా పోతారు. ఒక కుర్రాడు అడుగుతాడు: బంటు అటు చివరిదాకా బతికి బట్ట కడితే? ఆ మొహంలో ఆశ చూడండి. తర్వాత సీజన్లు గడిచేకొద్దీ ఆ ప్రశ్న మీకు మళ్లీ మళ్లీ గుర్తొస్తుంది. ఇంతకంటే చెప్పను. నాలుగు ఎపిసోడ్‌ల దాకా ఓపిక పట్టండి, ఐదోదాని నుంచి మిమ్మల్ని ఎవరూ బతిమాలక్కర్లేదు. రోజుకి రెండు చాలు. కట్టు విప్పేనాటికి అంతా కాకపోయినా పిల్లల బడి గురించిన నాలుగో సీజన్ దాకా వెళితే చాలు, మిగతాది మీరే చూస్తారు.

హిందీ వస్తే వీటి మధ్యలో 'స్కామ్ 1992' పది ఎపిసోడ్‌లు చూడొచ్చు. షేర్ల వ్యవహారం ఓనమాలు తెలియకపోయినా అర్థమయ్యేలా తీశారు, ప్రతీక్ గాంధీ కళ్లు తిప్పుకోనివ్వడు. 'చెర్నోబిల్' కూడా ఎవరో చెప్పే ఉంటారు. 2019, ఐదే ఎపిసోడ్‌లు, నా దృష్టిలో ఈ కాలపు గొప్ప పనుల్లో ఒకటి. పేలిపోయిన అణువిద్యుత్ కేంద్రం కప్పు మీద పడ్డ గ్రాఫైట్ ముక్కల్ని పారతో తోయడానికి ఒక్కో మనిషికి 90 సెకన్లే ఇస్తారు, ఆ 90 సెకన్లూ కెమెరా వాడి వెంటే నడుస్తుంది. అయితే మూడో ఎపిసోడ్‌లో ఆస్పత్రి మంచాలు ఉన్నాయి, రేడియేషన్‌కి కాలిన శరీరాలు ఉన్నాయి. ఈ ఆరు వారాల్లో వద్దు.

కాలం పాడు చేసుకుంటున్నానని గుబులుగా ఉందన్నారు. ఎముక అతుక్కోవడం ఒంటికి పెద్ద పని, అది మీరు పడుకుని ఉండగానే జరుగుతోంది. డాక్టరు మీకు అప్పజెప్పిన పని కాలు నేల మీద మోపకుండా ఉండటం. మీరు దాన్ని చేస్తున్నారు. మంచం మీద కూర్చుని కొత్త కోర్సులు, కొత్త భాషలు నేర్చుకున్నామని చెప్పేవాళ్లని నేనూ చూశాను. ఆ 40 రోజుల్లో నేను ఒక పుస్తకం పది పేజీలు దాటలేకపోయాను, నొప్పిలో దృష్టి అంతసేపు నిలబడదు. సిరీస్‌లో మాట్లాడే మనుషులుంటారు కాబట్టి నిలబడింది. అయితే ఒక్కచోట మాత్రం నేను కటువుగా చెబుతాను. బాబు పలకరిస్తే ఉండరా అని చెయ్యి అడ్డం పెట్టి చూస్తున్న సిరీస్ ఏదైనా ఉంటే, అది ఎంత మంచిదైనా ఆ వేళకి ఆపండి. నేను నా కూతురికి అలా రెండుసార్లు చెయ్యి అడ్డం పెట్టాను, మూడోరోజు తను గదిలోకి రాలేదు. తెర మీది మనుషులు ఉన్నది లేనివాళ్ల లోటు తీర్చడానికి, వచ్చినవాళ్లని పంపేయడానికి కాదు.

ఒంటి సంగతి రెండు ముక్కల్లో. ఫోన్ గుండెల మీద పెట్టుకుని చూడకండి, వారానికే మెడ పట్టేస్తుంది, నాకు నడుముతోపాటు మెడకీ మందు వాడాల్సొచ్చింది. తెర కళ్ల ఎత్తులో ఉండాలి, వీపుకి ఆనుకునేది ఉండాలి, కాలు దిండ్ల మీద ఎత్తులో ఉండాలి. ఎపిసోడ్‌కీ ఎపిసోడ్‌కీ మధ్య డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేసేయండి. అలా ముడిపెడితే మర్చిపోరు. ఏ సిరీస్ ఏ యాప్‌లో ఉందో నేను రాయలేదు, హక్కులు చేతులు మారుతూ ఉంటాయి. పేరు కొట్టి వెతికితే దొరుకుతుంది.

'రిప్లై 1988' అయిపోయిన రోజు ఇల్లు ఖాళీ చేసి వెళ్లినట్టు ఉంటుంది, అది ముందే తెలుసుకోండి. ఆ రోజే ఇంకొకటి మొదలుపెట్టకండి. చూసినవాళ్లు మీ స్నేహితుల్లో ఒకరైనా ఉంటారు, వాళ్లకి ఫోన్ చేసి డాక్‌సన్ నాన్న గురించి మాట్లాడండి. నలభై సిరీస్‌ల జాబితా పంపినవాళ్లు ఆ ఫోన్ కోసం ఎదురుచూస్తూనే ఉంటారు.

ఈ రాత్రికి 'మిడ్‌నైట్ డైనర్' మొదటి ఎపిసోడ్ పెట్టి ఉంచుకోండి, మాత్ర వేసుకున్న అరగంటకి చూడండి. రేపు మధ్యాహ్నం రిమోట్ అత్తయ్యగారి చేతికిచ్చి 'అమృతం'లో ఏది ముందు చూద్దామని అడగండి.